గ్రే అంటే విలన్ కాదండీ

నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం మీద మా గైడు గారు పెన్సిల్‌తో అడ్డగీత కొట్టిన రోజున నాకు ఒళ్లు మండిపోయింది. సినిమా షూటింగుల్లో గుంపులో నిలబడే ఆడవాళ్ల పని పరిస్థితుల మీద నా పరిశోధన. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో కాళ్లరిగేలా తిరిగి రాసుకున్న అధ్యాయం అది.

"ఆవిడెవరో చెప్పారు, నువ్వు రాసేశావు. ఆధారం ఏదమ్మా?" అన్నారాయన. "నెలాఖరులోగా ఒక్క కాగితం చూపించు. లేదంటే ఇది తీసేద్దాం."

ఆవిడెవరో ఏమిటి నా మొహం! రహమత్ నగర్‌లో నేను అద్దెకుంటున్న ఇంట్లో కింది వాటా పెద్దమ్మ. పాతికేళ్లు జూనియర్ ఆర్టిస్టుగా చేసింది. పెళ్లి సీన్లలో అక్షింతలు వేసింది, సంత సీన్లలో కూరగాయలు బేరమాడింది. అవుట్‌డోర్లో బట్టలు మార్చుకోవడానికి వీళ్లకు చోటుండేది కాదట. నలుగురు చీరలు అడ్డం పట్టుకుంటే ఐదో ఆమె మార్చుకునేది. ఆ తర్వాత టెంటు వచ్చింది. దాని గురించి నాకు దొరికిన పుస్తకాల్లో, పత్రికల ఇంటర్వ్యూల్లో ఒకటే మాట: ఓ నిర్మాత వాళ్ల అవస్థ చూసి, మనసు కరిగి వేయించాడని.

"ఆయనకు మనసు కరిగిందా! మేమంత పోయి ఆయన ఆఫీసు ముంగట కూసున్నం బిడ్డా. టెంటు ఇయ్యకుంటే రేపట్నుంచి రామన్నం" అంది పెద్దమ్మ. "మా పోరడు గూడ నమ్మడు. పుస్తకంల గట్ల లేదు గదనే అంటడు."

ఆ 'పోరడు' ఎర్రగడ్డలో బట్టల కొట్టు నడిపే నలభై ఏళ్ల కొడుకు. అతని మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చిన్నబోయింది. నాకు అధ్యాయం పోతుందన్న బాధ కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

"గ్రే లిటరేచర్ చూశావా?" అని గైడు గారు అడిగితే తల ఊపేశాను. తెలీదని చెప్పడానికి నామోషీ మరి. ఇంటికొచ్చి చదివితే తెలిసింది. ప్రచురణ సంస్థలు వేసి అమ్మేవి కాకుండా, సంఘాలూ ఆఫీసులూ తమ పని కోసం రాసుకునే నివేదికలు, తీర్మానాలు, సర్క్యులర్లూ అన్నీ ఆ కోవలోవేనట. కొట్లో దొరకవు. లైబ్రరీలో చాలామటుకు ఉండవు. మనమే గుమ్మం ఎక్కి అడగాలి.

ఫిల్మ్‌నగర్లో జూనియర్ ఆర్టిస్టుల సంఘం ఆఫీసు గుమ్మం ఎక్కాను. "మీ దగ్గర గ్రే లిటరేచర్ ఏమైనా ఉందాండీ?" అని అడిగాను, తెలివితక్కువగా.

ఆఫీసు చూసుకునే పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "గ్రే షేడ్ పాత్రలాండీ? అవి రైటర్లనడగండి. మావాళ్లు హీరో వెనకాల నిలబడేవాళ్లు, వాళ్లకి షేడ్లెక్కడివి?"

"గ్రే అంటే విలన్ కాదండీ బాబూ! మీ సభల రిపోర్టులు!" గట్టిగానే అరిచాను.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా తల్లీ. వాటిని చదివేవాళ్లు కూడా ఉన్నారా?" అంటూ సంబరంగా బీరువా తెరిచాడు. టీ కూడా తెప్పించాడు.

సాయంత్రానికి ఓ పాత నివేదికలో దొరికింది. 'మహిళా సభ్యులు పని నిలిపివేసెదమని తెలిపినందున, దుస్తులు మార్చుకొనుటకు ప్రత్యేక టెంటు కోరవలెనని తీర్మానించడమైనది.' మరుసటి ఏడాది నివేదికలో, 'తీర్మానము వెంటనే అమలైనది.' నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండూ జిరాక్సు తీయించుకుని, అక్కణ్ణుంచే గైడు గారికి ఫోన్ చేశాను.

"శభాష్. అయితే వెంటనే అమలైందని సంఘం తన గురించి తానే రాసుకుంది కదా? సొంత డబ్బా కావచ్చు. దీన్ని కూడా అనుమానించాలమ్మా. ఆవిణ్ణి అడుగు" అన్నారు. చిర్రెత్తుకొచ్చింది గానీ ఆయన అన్నది నిజమే.

ఇంటికెళ్లి ముందు ఆ 'వెంటనే అమలైనది' అన్న ముక్కే అడిగాను. పెద్దమ్మ లేచి కూర్చుంది. "ఎంటనేనా? సిగ్గుండాలె! ఇంకో ఏడాది చీరలే అడ్డం పట్టుకున్నం. మల్ల పోయి కొట్లాడితె గప్పుడిచ్చిండ్రు."

కాగితం మాటా, ఆమె మాటా పక్కపక్కనే రాసి, ఎక్కడ తేడా ఉందో కూడా రాశాను. గైడు గారు చదివి, రబ్బరు తీసుకుని తన గీత తానే చెరిపేశారు. అధ్యాయం నిలిచింది.

ఆ కబురు చెబుదామని జిరాక్సులు పట్టుకుని కింది వాటాకి వెళ్లేసరికి కొడుకు అన్నం తింటున్నాడు. "మొదటి కాయితం సదువు బిడ్డా, గట్టిగ" అంది పెద్దమ్మ. చదివాను. అతను చెయ్యి కడుక్కొచ్చి, కాగితం నా చేతిలోంచి తీసుకుని, తనే మళ్లీ చదువుకున్నాడు.

"పని పోతదని భయం గాలేదానే అమ్మా?"

"అయింది. నువ్వు కడుపుల ఉంటివి" అంది పెద్దమ్మ. "అయినా ఆ ఆఫీసు ముంగటికెల్లి లేవలేదు."