ఎనిమిది చీటీలు

నా మేజా సొరుగులో ఏడు కాగితం ముక్కలున్నాయి. ఉద్యోగం బరువు దిగింది, పిల్లల బరువు దిగింది. ఈ ఏడు ముక్కల బరువే ఇన్నేళ్ళూ దిగలేదు. మా ఆవిడకి కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరు బండిలో ఏలూరు వెళ్ళి, డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ణి. క్షిపణి పరీక్షలకు ముందు ఒకరికొకరు కబురు చెప్పుకోవాలని మనమూ పాకిస్తానూ ఒప్పందం చేసుకున్న ఏడాది అది. పిల్లల చేత ఐక్యరాజ్యసమితి సభ ఆడిద్దామని నాకే బుద్ధి పుట్టింది. ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిది దేశాలు, క్షిపణుల, అణుబాంబుల కట్టడి మీద వాదన. ఎవరికి ఏ దేశమో చీటీలు తీయించాలి.

పాకిస్తాన్ ఎవరికి రావాలి? ఎవరికి వచ్చినా వాళ్ళ నాన్న నా మీద పడతాడని భయం. రఫీ అయితే సరిపోతాడనిపించింది. తివాచీలు నేసే మస్తాన్ గారబ్బాయి. బాగా మాట్లాడతాడనే అనుకున్నానా? ఛీ, అబద్ధం. పేరు చూసి అనుకున్నాను. ఏలూరులో పుట్టి పెరిగి, నాకంటే మంచి తెలుగు మాట్లాడే కుర్రాడికి ఆ దేశం అంటగడితే ఎవరూ ఏమీ అనరని అనుకున్నాను.

ఒక్కొక్కరినే స్టాఫ్ రూముకి పిలిచాను. రఫీనే ముందు. వాడి ముందు పెట్టిన డబ్బాలో ఎనిమిది చీటీలు. ఎనిమిదింటి మీదా పాకిస్తాన్ అనే రాశాను. వాడు ఒకటి తీసి, చదివి, నవ్వేసి జేబులో పెట్టుకున్నాడు. మిగతా ఏడుగురికీ వేరే డబ్బా.

సభలో వాడు అదరగొట్టాడు. చెప్పకుండా క్షిపణి వదిలితే పొరుగువాడు దాన్ని యుద్ధమే అనుకుంటాడని బల్ల గుద్ది నిలదీస్తే, భారత్ తరఫున నిలబడిన కుర్రాడు తన కాగితాలు తిరగేసుకుంటూ కూర్చుండిపోయాడు. వెనక బెంచీల్లో బూతులు మొదలయ్యాయి. నలుగురు లేచి సైకిల్ స్టాండు వైపు వెళ్ళారు. ఒకడి చేతిలో చైను. వేదిక మీద నుంచి చూశానండీ! అటు వెళ్ళకురా అని రఫీకి ఒక్క మాట చెప్పలేదు. ముందే కబురు చెప్పాలని ఏడాదంతా పాఠం చెప్పినవాణ్ణి.

సభ అయ్యాక సైకిల్ కోసం వెళ్ళిన రఫీని చైనుతో మొహం మీద కొట్టారు. పడ్డాక ఇటుకతో కొట్టారు. మీ దేశం పోరా అంటూ కడుపులో తన్నారు. నేను వెళ్ళేసరికి పళ్ళు గచ్చు మీద ఉన్నాయి. ఎడమ కన్ను ఉండాల్సిన చోట నెత్తురు బుడగలు కడుతోంది.

ఆసుపత్రి వరండాలో మస్తాన్ గారు నా చేతులు పట్టుకున్నారు.

"మావాడే కావాలని ఆ దేశం అడిగాడంటున్నారండీ అందరూ. నిజమేనాండీ మేష్టారూ?"

"లేదండీ. చీటీలో వచ్చింది."

కొడుకు నెత్తుటి చొక్కా జేబులోంచి ఆయన చీటీ తీశారు. "ఇదేనాండీ? అయితే ఎవర్నంటామండీ. మావాడి చెయ్యే మంచిది కాదు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. విచారణలోనూ అదే చెప్పాను, చీటీలో వచ్చిందని.

రఫీ చదువు మానేశాడు. ఒంటి కంటితో మగ్గం పని కుదరలేదు. మండవల్లిలో చేపల లారీలకు ఐసు దిమ్మలు పగలగొడుతుంటే ఒకసారి బస్సులోంచి చూశాను. వాడూ చూశాడు. పని ఆపి, ఆ చెయ్యే ఎత్తి నమస్కారం పెట్టాడు. నేను దిగలేదు. ఎందుకు దిగలేదు? దిగితే ఏం చెప్పను?

మస్తాన్ గారు పోయారు. కొడుకు చెయ్యి మంచిది కాదనుకుంటూనే పోయారు. ఆ మాట ఇక సరిదిద్దలేను, క్షమించమని అడిగే మొహమూ లేదు. కానీ ఆ చేతిలో ఏ తప్పూ లేదండీ. ఆ డబ్బాలో వాడు ఏ చీటీ తీసినా అదే దేశం వచ్చేది. ఎనిమిదీ నేనే రాశాను. చెప్పేశాను.