నాయనమ్మ కోసం ప్రీయాంప్

నరసరావుపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ముందు సోల్డరింగ్ పొగ వాసన తగిలితే, ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి.

నాయనమ్మకు చెవుడొచ్చిన ఏడాది, ఆమె క్యాసెట్ పాటల కోసం తాత బల్బుల్లాంటి గాజు వాల్వులతో, శబ్దం పెంచే ప్రీయాంప్ కట్టాడు. పాట ఇల్లు అదిరేలా మోగేది.

"ఏం ఇనపడట్లేదయ్యా" అనేది ఆమె.

తాత మళ్లీ అంతా ఊడదీసి, ఆ పొగలోనే సోల్డరింగ్ చేసేవాడు. "ఇంకో వాల్వేస్తే ఇంటదే" అనేవాడు నాతో. నేనూ నమ్మాను.

ఒక సాయంత్రం ఆయన కొత్త వాల్వు బిగించి తలెత్తాడు. అడగకముందే నాయనమ్మ కళ్లు మూసుకుని తలూపింది. "ఇనపడతందయ్యా, చానా బాగుంది!"

"తాతా, ఇంకా స్విచ్చే వెయ్యలేదుగా!" అని పకపకా నవ్వాను.

తాత చేతిలోని సోల్డరింగ్ కడ్డీ కింద పెట్టేశాడు.

ఆ అబద్ధం ఆయన కోసమేనని నాకు ఎన్నో ఏళ్లకు గానీ అర్థం కాలేదు. నా మాట వినపడని నాయనమ్మ మాత్రం, మోగని పాటకు ఇంకా తలూపుతూనే ఉంది.