పచ్చ గీత

మొన్న ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోద్దామని మూతలు విప్పాను. గుప్పుమని పులుపు వాసన. చింతపండు పులుపూ కాదు, నిమ్మకాయ పులుపూ కాదు, గొంతులో కాస్త గరగరలాడించే ఆ ఘాటు నన్ను ఉన్నపళంగా లాక్కెళ్లి, రాజాంలో బస్టాండు వెనక సందులో మా నాన్న నడిపిన బ్యాటరీ ఛార్జింగ్ షాపులో కూర్చోబెట్టింది. ఇన్వర్టర్ తెర మీద తొంభై రెండు శాతమని అంకె వెలుగుతూనే ఉంది. దాన్ని చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లనీళ్లొచ్చాయి.

నా చిన్నతనంలో చుట్టుపక్కల ఊళ్లలో కరెంటు ఉండీ లేనట్టే. టీవీ కొన్నవాళ్లు దాంతో పాటు ఓ లారీ బ్యాటరీ కూడా కొనుక్కునేవారు. అవి సైకిల్ క్యారియర్ మీద పాత ట్యూబుతో కట్టించుకుని, బస్సు టాపు మీద కూరల గంపల మధ్య ఇరుక్కుని, కావిడిలో ఓ వైపు తాము, రెండో వైపు బరువు సరిపోయేందుకు బియ్యం మూటతో ఊగుతూ మా షాపుకొచ్చేవి. వానాకాలం తడి గోనెసంచుల వాసన, వేసవిలో సందు మొగలో కొట్టే తాటి ముంజెల వాసన, చలికాలం పొద్దున్నే అమ్మ పంపే చోడి అంబలిలోకి నంజుకునే పచ్చి ఉల్లిపాయ వాసన, ఏదైనా సరే ఏసిడ్ వాసనతో కలిసే నా దగ్గరికొచ్చేది. నాన్న చొక్కాలన్నీ జల్లెళ్లే. ఏసిడ్ చుక్క పడిన రోజు ఏమీ తెలియదు, తెల్లారి చూస్తే అక్కడో కన్నం ఉంటుంది. "నీకు కొత్త సొక్కా కొనడం, ఏసిడ్‌కి కూడెట్టడం ఒకటే" అని అమ్మ విసుక్కుంటూనే మాసికలు వేసేది.

షాపులో నాకున్న ఒకే ఒక్క ఆట సామాను గ్రావిటీ చూసే గాజు గొట్టం. పైనున్న రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే బ్యాటరీలోని ఏసిడ్ నీళ్లు గొట్టంలోకి ఎక్కేవి, లోపలున్న గాజు పుల్ల వాటిలో తేలేది. పుల్ల మీద ఎరుపు, పసుపు, పచ్చ గీతలుండేవి. నీళ్ల అంచు పచ్చ గీత దగ్గర నిలిచేంత పైకి పుల్ల తేలితే బ్యాటరీ నిండినట్టు, ఎర్ర గీత దాకా మునిగితే ఖాళీ అయినట్టు. ఏ బ్యాటరీలో ఏ గీత వస్తుందో ముందే చెప్పడం నా పందెం, నెగ్గితే నాన్న జేబులోంచి జీడిపప్పు బద్ద. పదేళ్లు వచ్చేసరికి పచ్చ వచ్చిన బ్యాటరీ మీద సుద్దముక్కతో టిక్కు పెట్టే అధికారం కూడా నాకిచ్చేశాడు. కలెక్టరు సంతకం పెడుతున్నంత గర్వంగా పెట్టేదాన్ని.

నాన్న మాత్రం పుల్లను పూర్తిగా నమ్మేవాడు కాదు. లారీ హెడ్‌లైట్ బల్బు ఒకటి బ్యాటరీకి తగిలించి, టీ తాగినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చునేవాడు. "ఊరకే కూకున్నప్పుడు ఏ బేటరీ అయినా బాగానే ఉంటాదే. పని సేస్తన్నప్పుడు సూడాల" అనేవాడు. బల్బు పసుపు తిరిగే తీరు చూసి, అది ఇంకెంతసేపు వెలుగుతుందో చెప్పేసేవాడు.

మా ఖాతాదార్లలో పైడమ్మప్ప ఒకావిడ ఉండేది. మాకు చుట్టం కాదు, అక్కని పిలిచినట్టు నాన్న 'అప్పా' అంటాడని నేనూ అలాగే పిలిచేదాన్ని. వాళ్ల ఊరు రాజాం నుంచి సైకిల్ మీద ముప్పావుగంట. భర్త లేడు. ఒక్కడే కొడుకు, మిలిటరీలో ఉండేవాడు. సెలవు దొరక్క రెండేళ్లుగా ఇంటికి రాలేదు. ఆ ఏడు ఢిల్లీలో జనవరి ఇరవై ఆరు కవాతులో తాను నడుస్తున్నానని, టీవీలో చూడమని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం మడత విప్పి విప్పి చిరుగుపట్టింది. చదవమని నాకే నాలుగుసార్లు ఇచ్చింది. "మా బుల్లోడు నడిసొస్తాడు, నాను సూస్తాను" అంటూ వారం ముందే బ్యాటరీ మోయించుకొచ్చింది.

మూడు రోజులు ఛార్జింగ్ పెట్టినా పుల్ల ఎర్ర గీత వదల్లేదు. బ్యాటరీ పాతబడిపోయింది. ఇరవై అయిదో తారీఖున నాన్న సరుకు కోసం చీపురుపల్లి వెళ్తూ, "అప్ప వస్తే కూకోమను, నానొచ్చి ఏదో ఒకటి సేస్తాను" అని చెప్పాడు. ఆయన రాకముందే ఆమె వచ్చింది. చివరి బస్సు వెళ్లిపోతుందని కంగారు పడుతూ, చీర కొంగులో ఉడికించిన కందికాయలు మూటగట్టుకొచ్చి నా ఒళ్లో పోసి, "అయిపోనాదా గుంటా?" అని అడిగింది. కాలేదని ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టి లోపలికెళ్లాను. పులుసులో ఉప్పు తగ్గితే ఉప్పు వేస్తాం. బ్యాటరీలో ఏసిడ్ తగ్గితే ఏసిడ్ పోయాలి, అంతే కదా అనుకున్నాను. నాన్న ముట్టుకోవద్దన్న సీసా వంచి, ఒక్కో మూతలో కొంచెం కొంచెం పోశాను. గొట్టం పెట్టి చూస్తే పుల్ల పచ్చ గీత దాకా తేలింది! టిక్కు పెట్టేశాను. పైడమ్మప్ప నా బుగ్గలు పుణికి, బ్యాటరీ మోయించుకుని బస్సెక్కింది.

నాన్న వచ్చి, "పచ్చ వచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందన్నాను. ఆయన తెచ్చిన సరుకు సర్దుకోవడంలో పడ్డాడు.

పొద్దున్న లేచేసరికి నా గౌను కుచ్చిళ్లలో మూడు కన్నాలు. అమ్మ అరవబోతుంటే నాన్న కన్నాలకేసి చూశాడు, నాకేసి చూశాడు, గబగబా షాపుకెళ్లి మంచి బ్యాటరీ ఒకటి సైకిల్‌కి కట్టుకొచ్చాడు. "ముందు ఎక్కు" అన్నాడు. దారి పొడవునా గబగబా తొక్కుతూనే ఉన్నాడు. మంచుకి తడిసిన గట్ల మీద సైకిల్ ఎగిరెగిరి పడుతుంటే, తిట్టినా బాగుండునని ఏడుపొచ్చింది.

వెళ్లేసరికి వీధి వీధంతా పైడమ్మప్ప వాకిట్లో ఉంది. తెర మీద గుర్రాలు పోతున్నాయి. నాన్న గుర్రాల్ని చూడలేదు, బొమ్మ అంచులు చూశాడు. రెండు పక్కలా నల్లటి పట్టీలు మెల్లగా లోపలికి జరుగుతున్నాయి. బ్యాటరీకి మీటరు పెట్టాడు. టీవీ నడుస్తుండగానే ముల్లు కళ్లెదుటే కిందికి జారిపోతోంది. "అయిదు నిమిసాలు కూడా రాదు" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. వైర్లు ఊడదీసి బ్యాటరీ మారుద్దామంటే ఆ టీవీ ఆరిపోయి మళ్లీ వెలగడానికి చాలాసేపు పడుతుంది. ఆలోపు కొడుకు వెళ్లిపోవచ్చు. అందుకే మంచి బ్యాటరీని పాతదానికి పక్కనుంచే కలపబోయాడు. హడావుడిలో తెచ్చిన వైరుకి ఒక కొసన క్లిప్పు లేదు. ఆ కొసను వేళ్లతోనే అదిమిపట్టి టీవీ వెనక గొంతుక్కూర్చున్నాడు. నల్ల పట్టీలు వెనక్కి పోయాయి. బొమ్మ విచ్చుకుంది.

కొడుకు దళం వచ్చింది. అందరివీ ఒకే తలపాగాలు, ఒకే మీసాలు, ఒకే అడుగు. అందులో ఎవరు ఎవరో దేవుడికే తెలియాలి. కానీ పైడమ్మప్ప దిగ్గున లేచి, "అదిగో, అదిగో నా బాబు! సిక్కిపోనాడమ్మా!" అని తెరకి చెయ్యి ఆనించింది. వాకిలంతా గొల్లున కేక పెట్టింది. నాన్న ఆ కవాతు చూడలేదు. వెనక కూర్చుని ఆమె మొహం చూశాడు. దళం దాటిపోయి, మళ్లీ ఏవో బళ్లు వచ్చేదాకా వైరు వదల్లేదు. వదిలాక చూస్తే రెండు వేళ్లు బొబ్బలెక్కాయి.

"తప్పు నాదే అప్పా, సరిగ్గా సూణ్ణేదు. ఇది ఉంచు" అని తెచ్చిన మంచి బ్యాటరీ ఆమెకే వదిలేశాడు.

తిరిగొస్తుంటే సగం దారిలో సైకిల్ ఆపి, నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "ఎంత పోసేవే?"

"గ్లాసుడు" అని ఘొల్లుమన్నాను. ఆయన నవ్వాడు. కాలని వేళ్లతో నా ముక్కు తుడిచి, పుల్ల పైకొచ్చింది గానీ బ్యాటరీకి బలం రాలేదని, ఏసిడ్ ఎంతుందన్నదే పుల్ల చెబుతుందని అంత చిన్నపిల్లకి అర్థమయ్యేలా చెప్పాడు.

ఆ మాట మా ఇంట్లో ఉండిపోయింది. పరీక్ష తప్పి వచ్చి ఏమీ కానట్టు అన్నం కలుపుకుంటున్నా, పెళ్లయిన కొత్తలో పండక్కి వచ్చి అతిగా నవ్వుతూ తిరుగుతున్నా, నాన్న కాసేపు నేను పని చేసుకుంటుంటే చూసి, దగ్గరికొచ్చి, "ఎంత పోసేవే?" అనేవాడు. అంతే, కట్ట తెగినట్టు అన్నీ చెప్పేసేదాన్ని.

షాపు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. ఊళ్ల నుంచి బ్యాటరీలు రావు. గాజు గొట్టం నా దగ్గరే ఉంది, రబ్బరు బుడ్డి పగిలిపోయింది. నాన్న పోయి నాలుగేళ్లు. మొన్న బ్యాటరీలో నీళ్లు పోసి, మూతలు బిగించి, మొహం కడుక్కుని హాల్లోకి వచ్చాను. కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని మావారు అడిగారు. ఏసిడ్ ఘాటు, బాగానే ఉన్నానన్నాను. సరేనని టీవీ వైపు తిరిగారు. ఇప్పుడు నేను బాగానే ఉన్నానంటే అందరూ నమ్మేస్తున్నారు.