ఉప్పాడ మీదుగా

కోరుకొండ మెట్లు దిగుతుండగా నా స్నేహితుడు తాపీగా ఆ మాట అన్నాడు.

"అన్నవరం తిన్నగా వద్దురా. ఉప్పాడ మీదుగా పోదాం. అక్కడ మా నేస్తం ఉన్నాడు."

ఎక్కేటప్పుడు రాని నీరసం నాకు అప్పుడు వచ్చింది. మెట్టు మీదే కూలబడ్డాను.

మా వైపు 'నేస్తం' అనే మాట ఊరికే వాడరు. ఈడూ మనసూ కలిసిన ఇద్దరు దేవుడి ఎదుట కండువాలు మార్చుకుని తాంబూలం ఇచ్చిపుచ్చుకుంటే నేస్తం కట్టారంటారు. ఇక ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోట పలకరు. కోపమొచ్చినా, కోసు దూరం నుంచి కేకెయ్యాల్సి వచ్చినా 'నేస్తం' అనే పిలుస్తారు. కులం అడ్డు రాదు. కట్టినదాన్ని విప్పడం ఉండదు.

నేను ఆ ప్రయాణం పెట్టుకున్నది అసలు అందుకే. అమ్మకి జబ్బు తగ్గితే రెండు కొండలూ ఎక్కుతానని మొక్కుకున్న మాట నిజమే. అయితే బండిలో గడ్డి కింద కొత్త కండువాల జత కూడా దాచాను. అన్నవరం కొండ మీద వాడితో నేస్తం కట్టాలని నా కోరిక. వాడిదీ నాదీ పక్కపక్క ఇళ్ళు. ఒకే పంతులుగారి చేత దెబ్బలు తిన్నాం, ఒకరినొకరు పట్టుకుని కాలవలో ఈత నేర్చుకున్నాం. వాడికి నేను కాక ఇంకెవరుంటారని నా ధీమా.

"ఎవరో ఆ మహానుభావుడు?" అన్నాను. వాడికి ఎత్తిపొడుపు తెలియలేదు.

"చేపలు పట్టేవాళ్ళ అబ్బాయిరా. నాన్నతో చీరలు కొనడానికెళ్ళి, జ్వరమొచ్చి వాళ్ళింట్లోనే పడున్నాను కదా. లేచాక వాళ్ళ అమ్మవారి జాతరలో కట్టుకున్నాం. నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. వాడికి జ్వరమని కబురొచ్చినప్పుడు నేను అన్నం మానేసి తిరిగాను. అక్కడ వాడేమో నేస్తం కట్టుకుని, ఆరోగ్యంగా తిరిగొచ్చాడు.

బండి నాది, ఎద్దులు నావి, తోలేది నేను. దారి మాత్రం వాడి నేస్తానిది.

కాకినాడ దాటాక నేల మారిపోయింది. కాలవలూ వరిచేలూ తప్ప మరొకటి ఎరగని కళ్ళు నావి. అక్కడ ఎటు చూసినా తెల్లటి ఇసకే. ఎక్కడో ఒక తాడిచెట్టు, దాని నీడ దానికే చాలదు. పక్కనే అంత సముద్రం ఉన్నా ఎద్దులకి తాగడానికి చుక్క నీరు లేదు. గాలి వీస్తే ఇసక కళ్ళలో పడేది, వీచకపోతే ఒళ్ళు ఉడికేది.

"అలల పక్కన తడి ఇసక మీద తోలరా, చక్రం దిగదు. మా నేస్తం చెప్పాడు," అన్నాడు వాడు.

ఆ చివరి మాట అనకుండా ఉంటే తోలేవాణ్ణే. బండిని పట్టుబట్టి పొడి ఇసకలోకి మళ్ళించాను. కాసేపటికే చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఇద్దరం కిందికి దిగి, చొక్కాలు విప్పి, ఆ ఎండలో భుజాలానించి తోశాం. వాడు నవ్వుతూనే ఉన్నాడు.

"నీకు కోపం ఎవరి మీదరా?"

"ఎద్దుల మీద," అన్నాను. పాపం అవి నా వంక చూశాయి.

ఉప్పాడ చేరాక వాడు బండి దూకి ముందు పరిగెత్తాడు. నేను వెళ్ళేసరికి ఒడ్డున నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. వాడు చూపించిన చోట ఇల్లు లేదు. విరిగిన గట్టు, నీళ్ళలో పాక నడిమి గుంజ, నిట్రాడ, అంతే. చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకావిడ చెప్పింది.

"ఆ ఇల్లు సముద్రం పట్టుకుపోయిందండి బాబూ."

వాడి ముఖం పాలిపోయింది. నాకు మాత్రం సంతోషం కలిగింది. మనుషులు చల్లగా బతికే ఉండాలి, కానీ మళ్ళీ కనబడనంత దూరం వెళ్ళిపోయి ఉండాలి అని దేవుణ్ణి కోరుకున్నాను.

"ఎనక దిబ్బ మీద కొత్త పాక ఏసుకున్నారండి," అంది ఆవిడ.

దిబ్బ మీద నుంచి "నేస్తం!" అని కేక వినిపించింది. మా ఈడువాడే, వల వదిలేసి వచ్చాడు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. మా వాడు నా పేరు చెప్పాక అతను నా వైపు తిరిగాడు.

"మీరేనాండీ! జొరంలో కూడా మీ పేరే కలవరించాడండి మా నేస్తం."

అంత మాటలో నాకు వినబడింది 'మా నేస్తం' ఒక్కటే. అతను తాటికాయలు కొట్టి, లేత ముంజలు ఏరి నాకే ముందు పెట్టాడు. ఎద్దులకి ఎక్కడి నుంచో కుండలతో మంచినీళ్ళు తెచ్చాడు. మంచివాడు. అదే నాకు మరీ కష్టమైంది, తిట్టుకుందామంటే ఏమీ దొరకలేదు.

"అతని పేరేంటి?" అని మా వాణ్ణి చాటుగా అడిగాను.

"నేను చెప్పకూడదురా. వాణ్ణే అడుగు."

నేను అడగలేదు.

అన్నవరం కొండ మీద స్వామికి గుడి కట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. రాళ్ళూ ముళ్ళూ తప్పించుకుంటూ మేమిద్దరమే ఎక్కాం. దర్శనమయ్యాక సంచిలోంచి కండువాలు బయటికి తీశాను. వాడు వాటినీ నన్నూ చూశాడు.

"వద్దురా," అన్నాడు.

"వాడితో కట్టావు."

"నీతో కడితే నీ పేరు మానెయ్యాలి కదరా. పొద్దున లేస్తూనే గుమ్మంలోంచి నీ పేరే అరుస్తాను. అది నా వల్ల కాదు."

"పేరుదేముంది? ఊరంతా పిలుస్తుంది."

"ఊరంతా పిలిచినట్టే పిలుస్తానా నేను?"

మంచి మాటే. నాకు మాత్రం చాలలేదు. కండువాలు మడిచి సంచిలో కుక్కి, వాడికంటే ముందు కొండ దిగిపోయాను. ఆ తరవాత ముసలితనం వచ్చేదాకా ప్రతి పొద్దూ వాడు గుమ్మంలోంచి నా పేరు కేకేశాడు. ఏటా వేసవిలో ఉప్పాడ కూడా వెళ్ళాడు. నన్ను రమ్మన్నప్పుడల్లా ఏదో పని చెప్పి తప్పించుకున్నాను.

వాడు పోయిన రోజున ఉప్పాడ నుంచి అతను కబురందుకుని వచ్చాడు. నడుం వంగిపోయింది. గోదావరి రేవులో పెద్దలు "మీరేమవుతారండీ?" అని అడిగారు. "నేస్తమండి," అన్నాడు. మరో మాట లేకుండా అతన్ని కొడుకుల పక్కన నిలబెట్టారు. వాళ్ళతో పాటు మునిగి లేచాడు. నేను ఊరివాళ్ళతో కలిసి మెట్ల మీద ఉన్నాను. పక్కింటివాణ్ణి కదా, నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ తడిబట్టలు నా ఒంటి మీద ఉండవలసినవి అనుకున్నాను.

నీళ్ళు వదిలేటప్పుడు పురోహితుడు పోయినవాడి పేరు చెప్పమన్నాడు. కొడుకులు చెప్పి వదిలారు. అతని వంతు వచ్చింది. పెదవులు కదిలాయి గానీ పేరు రాలేదు. దోసిట్లో నీళ్ళు కారిపోతున్నాయి. మెట్ల మీద నుంచి నేనే ఆ పేరు గట్టిగా అరిచాను, చిన్నప్పుడు కాలవ అవతలి నుంచి పిలిచినట్టు.

అతను తల తిప్పి, ఆ పేరు పలికిన నా నోటి వంకే చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. నా జన్మంతా మనసులో అతన్ని నేను చూసింది అలాగే.