దీఘా సముద్రం వద్దన్న కొబ్బరికాయ

దుకాణాల్లో అమ్మే ప్యాంట్లకు రెండు కాళ్ళూ ఒకే పొడవుంటాయి. ఇదేమంత పెద్ద అన్యాయం కాదని నాకూ తెలుసు. అయినా కొన్న ప్రతిసారీ ఎడమకాలు మడిచి కుట్టించుకునేవాడొకడు ఈ ఊళ్ళో ఉన్నాడని, ఆ కుట్టేవాళ్ళకు ఒక్కసారైనా తోచి ఉంటే బాగుండేది. మొన్న న్యూ టౌన్‌లో మా ఫ్లాట్‌కు వచ్చిన పొట్లం విప్పగానే గంజీ ఇస్త్రీ వేడీ కలిసిన కొత్తగుడ్డ వాసన గుప్పుమంది. ఆ వాసన నన్ను తిన్నగా నగరం అటు చివర ఓడరేవు పక్కనున్న మెటియాబ్రుజ్‌కి, మా పాత సందులోకి లాక్కెళ్ళింది.

ఆ సందులో సగం దర్జీల ఇళ్ళు, సగం శ్రీకాకుళం వైపు నుంచి రేవు డాకులో పనికి వచ్చిన మావాళ్ళ ఇళ్ళు. పొద్దున్న లేస్తే కుట్టుమిషన్ల చప్పుడు, వానాకాలంలో గడప దాకా వచ్చే మురికినీరు, ఆ తడి ఆరీ ఆరకముందే పూజ పందిళ్ళ వెదురు వాసన. మా నాన్న ఓడల మీదికెక్కే సరుకును క్రేను కొక్కేనికి తాళ్ళతో కట్టేవాడు. ఆయన వేసిన ముడి ఆయన విప్పితే తప్ప ఊడదని పేరు. దుర్గాపూజ సెలవుల్లో మావాళ్ళంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకుని దీఘా వెళ్ళేవారు. బెంగాలీలకు అది గాలి మార్పు, మాకు మాత్రం మొక్కు. సొంతూరి సముద్రం దాకా వెళ్ళి రావడానికి సెలవు చాలదు కనుక, మా గంగమ్మ బదిలీ మీద దీఘా వచ్చిందని మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ఏనాడో తేల్చేసింది. బస్సులో అమ్మ పులిహోర విప్పేది, దానితోపాటే వేయించిన ఎండు మెత్తళ్ళూ విప్పేది. అక్కణ్ణుంచి దీఘా వచ్చేదాకా బెంగాలీ డ్రైవర్ దాదా తలను వీలైనంత వరకు కిటికీ బయటే ఉంచి బండి నడిపేవాడు.

ఒడ్డుకు చేరగానే పసుపు, కుంకుమ, రవికగుడ్డ నీళ్ళలో వదిలి, చివర కొబ్బరికాయ విసరాలి. కాయ లోపలికి పోతే అమ్మవారు అందుకున్నట్టు, తిరిగొస్తే కోపంగా ఉన్నట్టు. సముద్రానికి ఏదిచ్చినా ఒడ్డుకు తెచ్చి పడేసే అలవాటుందన్న సంగతి తరతరాలుగా సముద్రం పక్కనే బతికిన మావాళ్ళలో ఎవరికీ తట్టకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు కాయ తిరిగొచ్చింది. మళ్ళీ విసిరారు, మళ్ళీ వచ్చింది. మామ్మ ముఖం మాడిపోయింది.

"ఒరే గుంటడా, ఆ రాళ్ళ మీదికెల్లి ఇసురు. నీ సేత్తోటైతే ఆయమ్మ అందుకుంటాది."

ఊరు కోసుకుపోకుండా ఒడ్డున పడేసిన పెద్ద పెద్ద రాళ్ళవి, నాచు పట్టి సబ్బుబిళ్ళల్లా ఉన్నాయి. నేను బలం కొద్దీ విసిరాను. కాయ ఒక వైపుకి, నేను ఇంకో వైపుకి వెళ్ళాం. రెండు రాళ్ళ సందున ఎడమకాలు ఇరుక్కుని, ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. నొప్పి ఆ తరవాత తీరిగ్గా వచ్చింది.

"కాయెల్లిందేటి?" అని అడిగింది మామ్మ వెనక నుంచి. నా కాలు చూశాక మాత్రం "ఓలమ్మో!" అని అక్కడే కూలబడింది.

నాన్న టీకొట్టు వాడి దగ్గర రెండు వెదురుకర్రలు తెచ్చి, కాలికి అటూ ఇటూ పెట్టి కట్టాడు. ఆ ముడితో కుస్తీ పట్టిన డాకు ఆసుపత్రి డాక్టరు చివరకు కత్తెర తెప్పించి, "ఇది కాలా దాదా, ఓడా?" అని బెంగాలీలో అడిగాడు. పిండికట్టు వేసి, తాను విప్పేదాకా ముట్టుకోవద్దన్నాడు. ఎముక కదిలితే వంకరగా అతుక్కుంటుంది, జన్మంతా కుంటుతాడు అన్నాడు. సందు ఫుట్‌బాల్ జట్టులో నాకప్పుడే చోటు దొరికింది, అందుకని నేను ఊపిరి కూడా చూసి పీల్చుకున్నాను.

మామ్మ మాత్రం ఊరుకోలేదు. "సిమ్మెంటేసినారు. కాలికి గాలెలాగొస్తాది? ఎముక కుల్లిపోద్ది."

ఒక మధ్యాహ్నం నాన్న డాకులో, అమ్మ కుళాయి దగ్గర ఉండగా, మామ్మ పక్కింటి దర్జీ దగ్గర గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర అడిగి తెచ్చింది. కోటు చెయ్యి విప్పినంత శ్రద్ధగా కట్టు కోసేసి, గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి పట్టించి, వెదురుబద్దలు పెట్టి, పాతచీర చుట్టింది. తమ ఊళ్ళో ఎవరి ఎముక విరిగినా ఇదే కట్టేవారట, వాళ్ళంతా నడిచేవారట. ఎలా నడిచేవారో నేనడగలేదు. మూడో పూటకల్లా ఆ వాసనకు సందులోని పిల్లులన్నీ నామీద ప్రేమ పెంచుకున్నాయి. మామ్మకు భయపడి అమ్మ కూడా నాన్నకు చెప్పలేదు. కొన్ని వారాలకు దుప్పటి కింద కాలు నాన్న కంట పడేసరికి ఎముక తన దారి తాను చూసుకుంది.

మత్తిచ్చి మళ్ళీ విరిచి సరిగ్గా కూర్చాలి, ఇప్పుడైతేనే అవుతుంది అన్నాడు డాక్టరు. నాన్న వద్దన్నాడు. నన్ను భుజాన వేసుకుని బస్సెక్కాడు. ఇక నేను ఆ జట్టుకు చెప్పుల కాపలాదారుగా చాలాకాలం సేవ చేశాను.

ఇప్పుడు మామ్మ లేదు. సరుకంతా ఇనప పెట్టెల్లోనే వచ్చి పోతోంది, ముడులు వేసేవాళ్ళతో పనిలేదు. మా సందులో తెలుగు వినబడదు, దీఘా బస్సూ లేదు. నాన్న మా దగ్గరే ఉంటున్నాడు. నిన్న సాయంత్రం మా అమ్మాయి దీఘా వెళదామంటే, ఈ కథంతా మామ్మ పాత్రకు బాగా ఉప్పూకారం తగిలించి చెప్పాను. ఎప్పటిలాగే, "ఆ రోజు తాత ఒక్కమాట సరే అని ఉంటే..." దగ్గర ఆపాను.

"కేనో నాన్నా? తాత ఎందుకు వద్దన్నాడు?" అంది పిల్ల సగం బెంగాలీలో.

నాకు తెలియదన్నాను. పక్కన బఠాణీలు ఒలుస్తున్న నాన్న తలెత్తకుండానే అందుకున్నాడు.

"తెలీదేటిరా? మల్లీ ఇరగ్గొట్టనీకు నాన్నా అని నా సొక్కా పట్టుకోని ఏడిసినావు. అందుకే వద్దన్నాను."