పెద్ద పేపరులో మూడు పంక్తులు

అబద్ధాన్ని చేతుల్లో ఇమిడే చిన్న టాబ్లాయిడ్ మొదటి పేజీలో ఫొటోతో అచ్చువేశారు. నిజాన్ని బల్లంత పరుచుకునే పెద్ద పేపరు పదకొండో పేజీలో అడుగున పడేశారు. రెండు పేపర్లూ ఒకే యాజమాన్యానివి. రెండు కత్తిరింపులూ తేదీలతో సహా నా దగ్గర ఉన్నాయి. ఆ ఫొటోలోని మనిషి మా వీధి స్కూలు వ్యాను డ్రైవరు. తాగి వ్యానును గోడకు గుద్దాడని రాశారు; బ్రేకులు పనిచేయలేదనీ, అతడు చుక్క ముట్టలేదనీ విచారణలో తేలింది. అయినా పిల్లల్ని ఎవరూ పంపడం లేదు. ఇరవై రెండేళ్లుగా ప్రతి పిల్ల తలనూ తాకి లెక్కపెట్టాకే తాళం తిప్పిన మనిషి, ఇప్పుడూ పొద్దున్నే ఖాళీ వ్యాను అద్దం తుడుస్తాడు. పెద్ద పేపరును ఎనిమిది మడతలు పెట్టి జేబులో ఉంచుకుంటాడు.

మొన్న క్షౌరశాలలో దాన్ని రెండు చేతులా విప్పాడు. "బాబాయ్, ఆ దుప్పటి మడిచెయ్యి, కత్తి జారుతుంది" అన్నాడు గడ్డం గీస్తున్న షాపతను.

"ఒక్కసారి చూడరా. మూడే లైన్లు."

"ఇక్కడ అందరూ చిన్నదే చదువుతారు. అందులో వేయించుకురా, అద్దం పక్కన నేనే అంటిస్తా."

అందరూ నవ్వారు. అతడూ నవ్వి, పాత మడతల మీదే మళ్లీ మడిచాడు. సరిగ్గా అతని పేరున్న చోటే కాగితం చిరిగింది.

నేను ఆ పేపర్ల సంపాదకులకు ఉత్తరం రాస్తే, "సవరణలకు పెద్ద పేపరే గౌరవం" అని జవాబొచ్చింది. అయ్యా సంపాదకులారా, అతనికి ఆ గౌరవం వద్దు. ఆ చిన్న పేపరులోనే, ఆ మొదటి పేజీలోనే, అంతే ఫొటోతో నిజం వేయండి. ఆ పిల్లల తల్లులు చదివేది దాన్నే.