రొమ్ము అనే మాట

మంటితో మనల్ని చేసి, అందులో ఊపిరి ఊదిన తండ్రికి స్తోత్రం. ఆయన చేతిపనిలో నేనెరగనిది ఎంత ఉందో ఒక్క రోగి చూపించాడు.

తొంభైల చివర్లో చిలకలూరిపేట వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేస్తున్నాను. పత్తి సీజను. జిన్నింగు మిల్లులో దూది కుక్కిన బోరేలు మోసే హమాలీ సుబ్బారావు, చంకలో గడ్డ ఉందంటూ భార్య కోటమ్మతో వచ్చాడు. బనీను విప్పమంటే విప్పడు. కోటమ్మే లాగేసింది. ఎడమ చనుమొన మీద మిల్లు దూది ఉండ ఒకటి రక్తంతో అట్టకట్టి ఉంది. తడిపి తీశాను. మొన లోపలికి గుంజుకుపోయింది. చుట్టూ పుండు, కింద రాయిలాంటి గడ్డ. ఆడవాళ్ళలో ఎన్నోసార్లు చూసిందే. మగవాడిలో మాత్రం అదే మొదటిసారి.

"బోరెం ఒరుసుకుందండీ, అంతే," అన్నాడు.

గడ్డలోంచి సూదితో కణాలు తీసి గుంటూరు పంపాం. క్యాన్సరని వచ్చింది. చెప్పగానే బల్ల దిగిపోయాడు.

"ఆడోళ్ళ జబ్బు నాకంటగడతారేంటండీ? మిల్లులో తెలిస్తే చీర కట్టి ఊరేగిస్తారు!"

"కడితే కట్టనీయవయ్యా! బతికుంటేగా ఊరేగేది!" అంది కోటమ్మ.

అతను గుమ్మం దాకా వెళ్ళాడు. దాటితే మళ్ళీ రాడు, వచ్చినా అప్పటికి జబ్బు ఆపరేషన్‌కు లొంగదు. బోరెం దేనికానించి ఎత్తుతావని అడిగాను.

"రొమ్ముకండీ," అన్నాడు ఠక్కున.

అని, ఆ మాట తనకే వినబడ్డట్టు ఆగిపోయాడు. చర్చిలో మగవాళ్ళమూ రొమ్ము కొట్టుకుంటూనే పాపాలు ఒప్పుకుంటాం. ఆడకీ మగకీ అదే మాటని నాకూ అప్పటిదాకా తట్టలేదు. మగవాడి రొమ్ములోనూ ఆడవాళ్ళకుండే కణజాలం కాస్త ఉంటుందనీ, జబ్బుకు ఆ కాస్తే చాలనీ చెప్పాను. వెనక్కొచ్చి కూర్చున్నాడు.

గుంటూరులో పెద్ద సర్జన్ రొమ్మునూ చంకలోని గ్రంథులనూ తీసేశారు. నేను పక్కన సాయంగా నిలబడ్డాను. ఆ తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాం. ఆడవాళ్ళకిచ్చే హార్మోను మాత్రలనే ఏళ్ళపాటు మింగాడు.

కొన్నాళ్ళకు ఇంకో హమాలీని రెక్క పట్టుకుని తెచ్చాడు.

"ఒరేయ్, నాకు కట్టని చీర నీకు కడతార్రా? ఇప్పు చొక్కా!"

అతనిది ఉత్త కొవ్వు గడ్డే.

చంకలో గడ్డతో వచ్చిన ఏ మగవాడినైనా, రిటైరయ్యేదాకా, చొక్కా విప్పించి రెండు రొమ్ములూ చేత్తో చూశాను. జబ్బుకు ఆడా మగా తేడా లేదు, పరీక్షకూ ఉండకూడదు. ఈ పూట కూడా చొక్కా కింద దూది పెట్టి దాచుకుంటున్నవాడు ఎక్కడో ఉండే ఉంటాడు. విప్పి చూపించే ధైర్యం అతనికిమ్మని నాతోపాటు ప్రార్థించండి.